మధుమేహికి దీర్ఘ పాదయాత్ర పథ్యమా, అపథ్యమా?

మధుమేహము గలవారు వీపున మూట తగిలించుకొని రోజుల తరబడి నడిచే యాత్రలకు పోవచ్చునా అన్న ప్రశ్న వైద్యుల ఎదుట ఈమధ్య తరచుగా వినవచ్చుచున్నది. ఉద్యోగ విరమణ చేసినవారు కేదారనాథమునకు, అమరనాథమునకు బయలుదేరుచున్నారు. శివరాత్రికి నల్లమల అడవి దారిన శ్రీశైలము నడచువారు, మాల ధరించి ఎరుమేలి నుండి పెద్దపాదము నడచువారు ఏటేట ఉన్నారు. చదువులు ముగించిన పిల్లలు హిమాలయములలో గుడారములు వేసుకొని వారము, పది దినములు తిరిగి వచ్చుచున్నారు. వీరిలో మధుమేహులు లేకుండుట అసంభవము. 2023లో ప్రకటింపబడిన భారతీయ వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో మధుమేహుల సంఖ్య సుమారు 10 కోట్ల 10 లక్షలు.

ఈ ప్రశ్నకు మన ఇండ్లలో రెండు సమాధానములు లభించుచున్నవి. “నీకు చక్కెర వ్యాధి, నీవు కదలవద్దు” అనునది మొదటిది. “నాలుగు రోజులు నడిస్తే చక్కెర దానంతట అదే పోవును, మాత్రలు ఇంటిలోనే పెట్టి రమ్ము” అనునది రెండవది. మొదటిది భయము, రెండవది సాహసము. మొదటిదాని వలన మనిషి ఒక మంచి యాత్రను కోల్పోవును. రెండవదాని వలన ప్రాణమునే కోల్పోవచ్చును. ఈ రెండింటి నడుమ శాస్త్రసమ్మతమైన మార్గము ఒకటి కలదని, అది మన గృహస్థులందరికీ అందుబాటులోనే ఉన్నదని నా అభిప్రాయము.

సుశ్రుతుడు చెప్పినది, మనము మరచినది

నడక ప్రమేహమునకు ఔషధమని మన శాస్త్రము నేడు కొత్తగా నేర్చుకొన్నది కాదు. సుశ్రుత సంహిత చికిత్సా స్థానములో ప్రమేహ పిడకల చికిత్సకు ముందు ప్రమేహ చికిత్సను వివరించుచు ఆచార్యుడు ఒక విచిత్రమైన విధిని తెలిపినాడు. ధనము లేని రోగి పాదరక్షలు, గొడుగు లేకుండ, భిక్షాన్నము తినుచు, ఒక్కొక్క గ్రామమున ఒక్కొక్క రాత్రి మాత్రమే నిలుచుచు, మునివలె ఇంద్రియములను అదుపులో ఉంచుకొని నూరు యోజనములు గానీ, అంతకు మించి గానీ నడవవలెనట. యోజనమునకు ఎనిమిది మైళ్ల చొప్పున లెక్కించినచో అది 800 మైళ్లు. ధనవంతుడైనచో చామలు, నివ్వరి ధాన్యము, ఉసిరి, వెలగ వంటివి తినుచు అడవిలో మృగములతో కలసి తిరుగవలెనట. ఇతరులు నేల దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను. వీపున మూట వేసుకొని తిరుగు నేటి యాత్రికునకు ఇంతకంటె ప్రాచీనమైన వైద్యపత్రము మరియొకటి దొరకదు.

ఈ ఘట్టమును ఉపన్యాసములలో చెప్పువారు చాలమంది ఉన్నారు. అయితే దానివెంటనే ఆచార్యుడు చెప్పిన మాటను మాత్రము వదలివేయుచున్నారు. కృశుడైన రోగిని మాత్రము ఎల్లప్పుడును కాపాడుకొనవలెనని ఆయన అక్కడనే హెచ్చరించినాడు. చరకుడును ప్రమేహ రోగులను రెండు విధములుగా విభజించినాడు: స్థూలుడు, బలవంతుడు అయినవాడు ఒకడు, కృశుడు, దుర్బలుడు అయినవాడు మరియొకడు. మొదటివానికి శోధనము, రెండవవానికి బృంహణము, అనగా శరీరమును పోషించు చికిత్స. రోగము పేరు ఒక్కటే అయినను రోగి వేరు కాగా చికిత్సయు వేరైనది.

మరియొక విషయము. సుశ్రుతుని కాలమున ఇన్సులిన్ లేదు. అది మొదటిసారి మనిషికి ఇవ్వబడినది 1922 జనవరిలో. చక్కెరను బలవంతముగా దింపు మాత్రలును నాడు లేవు. నాటి రోగి ఎంత నడచినను అతని రక్తములో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవు అవకాశము అరుదు. నేటి రోగి ఉదయము ఇన్సులిన్ తీసుకొని, లేదా గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్ర వేసుకొని కొండ ఎక్కుచున్నాడు. మందు ఒకవైపు చక్కెరను లాగుచుండును; పనిచేయుచున్న కండరములు మరియొకవైపు లాగుచుండును. రెండెడ్ల బండిని ఒక్క పగ్గముతో తోలినట్లుండును ఆ పరిస్థితి. కాబట్టి సుశ్రుతుని నడకను స్వీకరించువారు ఆయన వివేకమును కూడ స్వీకరింపవలెను.

నాలుగు ఆచారములు, నా అభ్యంతరములు

మొదటిది ఉపవాసము. శివరాత్రికి వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలము నడచువారిలో కొందరు నీరు తప్ప మరేమియు తీసుకొనరు. మాలధారులు ఒక్కపూట భోజనముతో దీక్ష సాగింతురు. ఆరోగ్యవంతునకు ఇది నియమము. ఇన్సులిన్‌పై గానీ, పైన చెప్పిన మాత్రలపై గానీ ఉన్నవానికి ఇది నిర్జనారణ్యములో మూర్ఛకు దారి. కూర్చుండి చేయు ఉపవాసమునకును, ఎండలో 20 కిలోమీటర్లు నడచుచు చేయు ఉపవాసమునకును పోలిక లేదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారికి మరియొక ప్రమాదము కలదు. అవి చక్కెరను మూత్రముద్వారా పంపివేయును. దానితో నీరును పోవును. ఉపవాసము, నీటి కొరత తోడైనప్పుడు రక్తములో కీటోనులు పెరిగి ఆమ్లత్వము వచ్చును. ఆ సమయమున చక్కెర అంకె మరీ ఎక్కువగా కనిపింపకపోవచ్చును కూడ. ఆతురునకు నియమము లేదని మన పెద్దలు వాడుకగా అనుచుందురు. ఆ మాటను గురుస్వాములే తమ బృందములోని రోగులకు గట్టిగా చెప్పవలెనని నా విన్నపము.

రెండవది మందు మానివేయుట. “నడుచుచున్నాము గదా, మందెందుకు?” అను తర్కము పైకి సబబుగా తోచును. చిన్ననాటి నుండి ఇన్సులిన్‌పై ఆధారపడిన యువకులు, సుశ్రుతుడు సహజ ప్రమేహమని పేర్కొన్న కోవకు దగ్గరివారు, ఒక్క దినము మానినను ప్రాణాపాయమే. వారికి నడక ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయము కానేరదు. ఇతరులకు నడక దినములలో మోతాదు తగ్గింపవలసి రావచ్చును. మానవలసిన పని సాధారణముగా రాదు. ఎంత తగ్గించవలెనో ఆ మందు వ్రాసియిచ్చిన వైద్యుడే నిర్ణయింపవలెను. అతడు అల్లోపతీ వైద్యుడైనచో అతనినే అడుగవలెను. ఆయుర్వేద వైద్యునిగా ఈ మాట చెప్పుటకు నాకు ఎట్టి సంకోచమును లేదు.

మూడవది బయలుదేరు ముందు కొత్త మూలికలు ఆరంభించుట. నేరేడు గింజల చూర్ణము, మెంతులు, కాకర రసము, పొడపత్రి, ఇవి మన వైద్యములో గౌరవముగల ద్రవ్యములే. అవి చక్కెరను తగ్గించును గనుకనే వాటిని ప్రయాణమునకు ముందు దినము మొదలుపెట్టరాదు. మాత్ర, మూలిక, కొండ ఎక్కుట, ఈ మూడింటి ప్రభావము ఒక్కచోట కలసినప్పుడు ఏది ఎంత దింపినదో ఎవరును చెప్పజాలరు. కొత్త చెప్పులు, కొత్త మందు యాత్రలో మొదలుపెట్టరాదు. ఇంటివద్ద రెండు నెలలుగా వాడుచు, దాని ఫలితము పుస్తకములో వ్రాసికొన్నవారు మాత్రమే తమ వైద్యునికి తెలిపి కొనసాగింపవచ్చును.

నాల్గవది వట్టికాళ్ల నడక. దీనిని గూర్చి పాదముల ప్రకరణములో వివరింతును.

సంచిలో ఉండవలసిన ఆహారము

మధుమేహి యాత్రలో తినవలసిన ఆహారమునకు మూడు గుణములుండవలెను. బరువు తక్కువై ఎక్కువ ఆకలి తీర్చవలెను. నాలుగైదు దినములు చెడిపోకుండవలెను. రక్తములోనికి చక్కెరను నిదానముగా వదలవలెను. ఈ మూడు గుణములు గల పదార్థములు మన వంటయింటిలోనే ఉన్నవి. పొట్లములలో అమ్ము ఖరీదైన ఆహారము అక్కరలేదు.

చరకుడు ప్రమేహులకు యవలను ప్రధానాహారముగా నిర్దేశించినాడు. యవలను వేయించి విసరిన పిండిలో సమానముగా వేయించిన సెనగల పిండి కలిపి, కొద్దిగా జీలకర్ర, సైంధవ లవణము చేర్చి డబ్బాలో పోసికొనినచో పొయ్యి లేనిచోట కూడ అది భోజనమగును. నాలుగు చెంచాల పిండిని మజ్జిగలో గానీ, కాచి చల్లార్చిన నీటిలో గానీ గట్టిగా కలిపి తినవలెను. పలుచని జావగా త్రాగినచో చక్కెర త్వరగా పెరుగును. ఇది రాగి జావకును వర్తించును. చిరుధాన్యమైనంత మాత్రమున జావ నిరపాయమని భ్రమపడరాదు. మన ఊళ్లలో బెల్లము కలిపి చేయు సత్తుపిండి, పేలపిండి వేరు. మధుమేహి తన వాటాను తీపి కలుపకముందే తీసి ఉంచుకొనవలెను.

పలుచగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టెలు వారము దినములు నిలువ ఉండును. వాటికి తోడు నువ్వుల పొడి, కందిపొడి, అవిసె గింజల పొడి. వేయించిన సెనగలు, వేరుసెనగ గుళ్లు, బాదములు చిన్న చిన్న పొట్లములుగా కట్టుకొనవలెను. నూరు గ్రాముల వేయించిన సెనగలలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుండును. మొదటి దినమునకు మన తాతల నాటి ప్రయాణపు భోజనమైన పులిహోర ఉండనే ఉన్నది. వేరుసెనగలు హెచ్చుగా వేసి, మామూలుగా తినుదానిలో సగమే తినవలెను.

దారిలో తినవలసిన తీరు ఇది. బయలుదేరుటకు ఒక గంట ముందు కడుపునిండ కాక తృప్తిగా భుజింపవలెను. ఇన్సులిన్ గానీ, చక్కెర దింపు మాత్రలు గానీ వాడువారు నడచునంతసేపు గంటకొకసారి ఏదైన కొద్దిగా తినవలెను: ఒక చిన్న అరటిపండు, లేదా రెండు మూడు ఖర్జూరములు, లేదా పిడికెడు అటుకులు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి ఇంత తరచుగా తినవలసిన అవసరము సామాన్యముగా ఉండదు. వారు పిడికెడు సెనగలతో సరిపెట్టుకొనవచ్చును. ఒకే పంక్తిలో కూర్చున్న ఇద్దరు మధుమేహులకు ఒకే ఆహారము సరిపోదని దీనివలన తెలియును.

సాయంకాలము బసకు చేరిన తరువాత పప్పు, కూర ముందు తిని, ఆ పిదప రొట్టె గానీ అన్నము గానీ తినవలెను. ఉత్తరాదిన ఎక్కడనైనను దొరకు పెసరపప్పు పులగము అలసిన జఠరాగ్నికి తగినది. అలసట వలన ఆకలి లేదని రాత్రి భోజనము మానరాదు. దీర్ఘమైన నడక ప్రభావము ఒక దినము వరకు, కొందరిలో అంతకు మించియు నిలుచును. చక్కెర పడిపోవుట తరచుగా అర్ధరాత్రి దాటిన తరువాతనే సంభవించును. పరుండు ముందు పరీక్షించి, ఇన్సులిన్ వాడువారిలో 100 కంటె తక్కువ ఉన్నచో ఒక గ్లాసు పాలు, ఒక రొట్టె తీసికొని పరుండవలెను.

దారిపొడవున దొరకు టీని గూర్చి ఒక మాట. చలిలో అది అమృతమువలె తోచును. కప్పుకు రెండు చెంచాల చొప్పున 10 గ్రాముల చక్కెర. రోజుకు ఎనిమిది కప్పులైనచో 80 గ్రాములు. భోజనములో అన్నము తగ్గించుకొని టీలో చక్కెర త్రాగువారిని అనేకులను చూచితిని. “చక్కెర లేకుండ” అను మాటను వారి భాషలో నేర్చుకొని వెళ్లుట మంచిది: “బినా చీనీ” అనినచో చాలును.

చక్కెర పడిపోయినప్పుడు

చేతులు వణకుట, చల్లని చెమట, గుండెదడ, అకారణమైన కోపము, మాట తడబడుట, కన్ను మసకబారుట, ఇవి చక్కెర పడిపోవు చిహ్నములు. కొండ ఎక్కుచున్నవానికి చెమట, దడ సహజమేనని తోచి వీటిని తేలికగా తీసికొందురు. సందేహము కలిగిన వెంటనే ఆగి పరీక్షింపవలెను. 70 కంటె తక్కువగా ఉన్నను, పరీక్షించు వీలు లేకపోయినను, 15 గ్రాముల చక్కెర, అనగా మూడు చెంచాలు, నీటిలో కలిపి త్రాగవలెను. పదునైదు నిమిషములు కూర్చుండి మరల చూడవలెను. తగ్గనిచో మరల అంతే. తేరుకొనిన తరువాత రొట్టె, సెనగలు వంటి నిలకడైన ఆహారము తిని గాని అడుగు వేయరాదు.

ఇచ్చట చాలమందికి తెలియని సంగతి ఒకటి కలదు. వోగ్లిబోస్, అకార్బోస్ అను మాత్రలు మన ప్రాంతమున విరివిగా వ్రాయబడుచున్నవి. అవి పేగులో పంచదార విరుగుటను ఆలస్యము చేయును. అట్టివారికి పంచదార, బెల్లము ఆపత్సమయమున త్వరగా పనిచేయవు. వారు మందుల దుకాణములో దొరకు గ్లూకోజు పొడినే ఉంచుకొనవలెను. అందరును దానినే ఉంచుకొనుట మరింత మేలు. చాక్లెట్టు, లడ్డు వంటివి కొవ్వు కలవి గనుక నిదానముగా పనిచేయును; ఆపదకు పనికిరావు.

స్పృహ లేనివాని నోటిలో తేనె గానీ, నీరు గానీ, మరేమి గానీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు పరుండబెట్టి వైద్యసహాయమునకై పరుగెత్తవలెను. గ్లూకగాన్ సూది ఉన్నచో, దానిని వాడుట ముందుగా నేర్చిన తోడు మనిషి ఇవ్వవచ్చును. అందుచేత మధుమేహి ఒంటరిగా నడవరాదు. తోడివారిలో ఇద్దరికైనను తన రోగము, గ్లూకోజు పొడి ఉంచిన జేబు తెలిసియుండవలెను. రోగమును దాచుకొనుట మన మధ్యతరగతి వారికి అలవాటు. పెండ్లి సంబంధములలో దాచువారు ఉన్నారు. కొండదారిలో మాత్రము దాచరాదు.

కొండపై ప్రత్యేక జాగ్రత్తలు

గౌరీకుండ్ ఎత్తు సుమారు 6,500 అడుగులు. కేదారనాథము ఎత్తు సుమారు 11,750 అడుగులు. లోగడ 14 కిలోమీటర్లుండిన ఆ కాలిదారి 2013 జూన్ వరదల తరువాత మార్పుచెంది మరింత పెరిగినది. ఒక్క పగటిలో 5,000 అడుగులకు పైగా ఎక్కుట శరీరమునకు చిన్న పరీక్ష కాదు. 2025లో పునఃప్రారంభమైన కైలాస మానససరోవర యాత్రలో డోల్మా కనుమ సుమారు 18,500 అడుగులు.

ఎత్తునకు పోయినప్పుడు తలనొప్పి, వికారము, తల తిరుగుట కలుగును. చక్కెర పడిపోయినను దాదాపు ఇవే లక్షణములు. కీటోనులు పెరిగినను వాంతులే. మూడింటికి చికిత్స వేరు. కొలచి చూచుట తప్ప వేరు చేయు మార్గము లేదు. వికారమునకు శొంఠి ముక్క చప్పరించుట మంచిదే; కాని మధుమేహికి వాంతులు ఆగకున్నచో శొంఠిని నమ్ముకొని కూర్చుండరాదు. క్రిందికి దిగవలెను, వైద్యుని చూడవలెను. చక్కెర 250 దాటి మూత్రములో కీటోనులు కనబడినచో నడక ఆపవలెను. వాంతులు, విరేచనములు పట్టుకొన్నప్పుడు మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు ఆపవలసియుండును. ఈ సంగతి బయలుదేరుటకు ముందే వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను. ఇన్సులిన్‌ను మాత్రము పూర్తిగా ఆపరాదు.

విరేచనములకు నోటిద్వారా ఇచ్చు లవణ జలములో గ్లూకోజు ఉండునని మధుమేహులు భయపడుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. నీరు, లవణము పేగులోనికి ఇంకుటకు అది అవసరము. నిర్భయముగా త్రాగవలెను. తీపి పానీయములకు అదే పేరు తగిలించి అమ్ము దురాచారము మన దేశమున చాలకాలము సాగినది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి దీనిపై పోరాడినారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అట్టి పేర్లను నిషేధించినది. ఐనను పొట్లముపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉన్నదో లేదో చదివి కొనుట మన బాధ్యత.

ఇన్సులిన్‌కు చలియు, వేడియు రెండును శత్రువులే. ఒకసారి గడ్డకట్టినది కరిగినను పనికిరాదు. మంచు ప్రాంతమున దానిని సంచిలో కాక చొక్కా లోపలి జేబులో ఉంచుకొనవలెను. రాత్రి కంబళిలోపల పెట్టుకొనవలెను. నల్లమల ఎండలో తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టిపిడతలో, నీరు తగులకుండ మూతగల డబ్బాలో ఉంచినచో చల్లగా నిలుచును. విమానములో చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. చక్కెర కొలచు యంత్రము, పట్టీలు కూడ చలిలో తప్పు అంకెలు చూపును. వాటిని ఒంటివద్ద వెచ్చగా ఉంచుకొనవలెను. కావలసిన మందుకు రెట్టింపు మందు రెండు సంచులలో సర్దవలెను. ఒక సంచి గుర్రముపై ముందు పోయినను రెండవది మనవద్ద ఉండును.

పాదములు

చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుట, మంటలు పుట్టుట ప్రమేహ పూర్వరూపములలో చేరినవని చరకుడు గుర్తించినాడు. నేటి వైద్యులు నాడీ దౌర్బల్యమనునది ఇదియే. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గుచ్చుకొన్నను తెలియదు. ఎండకు కాగిన రాయి కాల్చినను తెలియదు. సాయంకాలము రక్తపు మరక చూచిన తరువాతనే తెలియును. ఆ పుండు మానక, వ్రేలు, పాదము తీసివేయవలసి వచ్చిన కుటుంబములు మన వీధులలోనే ఉన్నవి.

సుశ్రుతుడు పాదరక్షలు లేక నడువుమన్నాడు గదా యని కొందరు అడుగుదురు. ఆయన చెప్పినది సంయమముతో కూడిన కఠోర జీవనము. స్పర్శ నశించిన పాదములతో తారురోడ్డుపై నడక కాదు. దినచర్యలో పాదరక్షలు ధరించుట పాదములకు, కన్నులకు హితమని మన సంహితలే చెప్పినవి. ఇక మ్రొక్కుబడి సంగతి. నలువది యొక్క దినములు వట్టికాళ్లతో ఉండు మాలధారి మధుమేహియైనచో ముందుగా వైద్యునివద్ద పాదస్పర్శ పరీక్ష చేయించుకొనవలెను. స్పర్శ తగ్గినదని తేలినచో మెత్తని గుడ్డ బూట్లు ధరించుట వ్రతభంగము కాదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ప్రతి సాయంకాలము గోరువెచ్చని నీటితో కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, అరికాలిని చిన్న అద్దముతో చూచుకొనవలెను. నీటి వేడిని కాలితో కాక మోచేతితో చూడవలెను. పొడి చర్మమునకు కొబ్బరినూనె పూయవలెను. వ్రేళ్ల సందులలో పూయరాదు. బొబ్బను చిదుపరాదు. ఎఱ్ఱదనము, వాపు కనబడినచో మరునాడు నడక లేదు. నిప్పు దగ్గర కాళ్లు కాచుకొనుట మధుమేహికి నిషిద్ధము.

యాత్ర నడిపించువారికి ఒక మాట

యాత్రా సంస్థలకు, అన్నదానము చేయు పుణ్యాత్ములకు నా విన్నపము. ఉదయము పూరీ, మధ్యాహ్నము పూరీ, రాత్రి హల్వా పెట్టుట అన్నదానమే కావచ్చును. వచ్చినవారిలో పలువురు మధుమేహులైనప్పుడు అది హితాన్నదానము కాదు. అమరనాథ యాత్రలో 2023లో నిర్వాహక మండలి వేపుళ్లను, జిలేబీ వంటి మిఠాయిలను, శీతల పానీయములను అన్నశాలలలో నిషేధించినది. ఇది అనుసరింపదగిన మార్గము. మన ప్రాంతపు నిర్వాహకులు అంత చేయకపోయినను మూడు పనులు చేయవచ్చును: చక్కెర లేని టీ వేరుగా ఉంచుట, ఉడికించిన సెనగలు, పప్పు ప్రతిపూట పెట్టుట, భోజనము చెప్పిన వేళకు పెట్టుట. మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఇన్సులిన్ తీసికొన్నవానికి భోజనము రెండు గంటలు ఆలస్యమగుట అసౌకర్యము కాదు, ఆపద. అన్నము కంటికి కనబడిన తరువాతనే సూది వేసికొనుట రోగికి ఆత్మరక్షణ.

ఎవరు ఆగవలెను

కంటిపొరలో రక్తనాళములు చెడినవారు, మూత్రపిండములు దెబ్బతిన్నవారు, గుండెనొప్పి గలవారు, కాలిపై మానని పుండు గలవారు, గత కొన్ని నెలలలో చక్కెర పడి స్పృహ తప్పినవారు, పడిపోవుచున్నప్పుడు ముందస్తు చిహ్నములు తెలియనివారు, వీరు వైద్యుని అనుమతి లేనిదే బయలుదేరరాదు. వీరికి వాహనము మీద చేయు దర్శనమే యాత్ర. దానివలన పుణ్యము తరుగదు.

ఇతరులు రెండు నెలలు ముందుగా సిద్ధపడవలెను. రోజుకు అరగంటతో ఆరంభించి, క్రమముగా రెండు గంటల వరకు, యాత్రలో మోయబోవు సంచినే వీపున వేసికొని నడవవలెను. నడకకు ముందు, తరువాత, పరుండునప్పుడు చక్కెర కొలచి ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. రెండు నెలలలో ఆ పుస్తకమే మీకు గురువగును. ఏ మెట్టువద్ద మీకు ఎంత పడునో, ఏ ఆహారము ఎంతసేపు నిలుచునో అది చెప్పినంతగా ఏ వైద్యుడును చెప్పజాలడు. వ్యాయామము శక్తిలో సగమునకే పరిమితము కావలెనని మన ఆచార్యులు విధించినారు. నుదుట చెమట పట్టి నోరు ఎండుట దానికి గుర్తు. యాత్రలో కూడ ఆ హద్దును పాటించి, ఒకరోజు నడకను రెండు రోజులు చేసికొనుటలో చిన్నతనము లేదు.

మధుమేహము మనిషిని ఇంటిలో బంధించు రోగము కాదు; లెక్క తప్పనీయని రోగము. ఆహారము, ఔషధము, నడక, ఈ మూడింటి లెక్క సరిచూచుకొన్నవాడు కేదారనాథమైనను, కరిమలయైనను నిశ్చింతగా ఎక్కవచ్చును. ఈసారి మీ ఇంటిలో యాత్రకు మూట కట్టునప్పుడు మొదట గ్లూకోజు పొడి, కొలత యంత్రము, మెత్తని పాదరక్షలు పెట్టి, వాటిపైన బట్టలు సర్దుడు. మీ యాత్ర నిర్విఘ్నముగా సాగుగాక.